పెరటికోళ్లకు కుక్కల బెడద

చల్లపల్లి ప్రాంతమున పొలము గల రైతునకును, పొలము లేని కూలికిని గూడ నుపయోగపడు సొత్తు పెరటికోడి. పది పెట్టలున్న యింట నూకలకును, తవుటికిని, కల్లమున రాలిన గింజలకును విలువ కలుగును. గ్రుడ్లపై వచ్చు సొమ్ము తఱచుగా ఇల్లాలి చేతిలోనే యుండి పిల్లల పుస్తకములకును, మందులకును అక్కరకు వచ్చును. ఇట్టి సొత్తు ఒక్క రాత్రిలో కుక్కల పాలగుచున్నదను మొఱ గ్రామములలో తఱచుగా వినబడుచున్నది. దీనికి మనము చేయదగినదేమో యించుక విచారింతము.

ముందు నష్టమును సరిగా లెక్కించుకొనవలెను. దేశవాళీ పెట్ట యేటికి సుమారు 60 మొదలు 80 గ్రుడ్ల వఱకు పెట్టును. పొదుగుడు పెట్ట క్రింద 10, 12 గ్రుడ్లుంచినచో 21 దినములకు పిల్లలు లేచును. కావున పెట్ట చచ్చినచో పోవునది దాని మాంసపు వెల మాత్రమే కాదు. ఏడాది గ్రుడ్లును, రాబోవు పిల్లలును పోవుచున్నవి. ఈ లెక్క తెలిసిన రైతు గూటికి తలుపు పెట్టుటకు వెనుదీయడు.

పిమ్మట దొంగ యెవరో గుర్తింపవలెను. ముంగిస మెడ కొఱకును. పిల్లి చిన్న పిల్లలనెత్తుకొని పోవును. కుక్క యట్లు కాదు. అది ఒక్కదానితో తృప్తి చెందక, బెదరి యెగురు ప్రతి కోడిని పట్టి విదల్చి, చాలవఱకు తినకయే వదలిపోవును. ఈకలు పెరడంతయు చెదరి, అనేక కోళ్లు చచ్చి పడియున్నచో అది కుక్కల పనియని తలంపవచ్చును. గూటి చుట్టును మట్టి గీరిన గుర్తులున్నచో సందేహమే లేదు.

రక్షణకు మొదటి మెట్టు గూడు. గంప క్రింద కప్పిన కోడి పిల్లికి దక్కకపోవచ్చును గాని, కుక్క ముట్టెతో గంపను దొరలించివేయును. పది కోళ్లకు రాత్రి నిద్రించుటకు 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు గల గూడు చాలును. దానిని నేలకు 2 అడుగుల ఎత్తున సరుగుడు బాదులమీద గాని, సిమెంటు స్తంభములమీద గాని నిలుపుట మేలు. మన డెల్టా నల్లరేగడి వానకాలమున మెత్తనై త్రవ్వుటకు సులువుగా నుండును. ఎత్తుగూటికి కుక్క త్రవ్వకమును లేదు, నేలచెమ్మయు లేదు. నేలమీదనే కట్టవలసివచ్చినచో, గోడల వెంబడి అడుగు లోతున ఇటుకలు పాతిపెట్టవలెను.

అంగడిలో దొరకు సన్నని కోళ్లవల కోడిని లోపల నిలుపును గాని కుక్కను వెలుపల నిలుపజాలదు, పండ్లతో చింపివేయును. అర అంగుళపు కన్ను గల, అతుకుపెట్టిన గట్టి ఇనుపతీగ వల కొనవలెను. తలుపునకు త్రాడు చాలదు, గడియ యుండవలెను. ప్రొద్దు గ్రుంకకముందే కోళ్లను లెక్కించి మూసి, బాగుగా తెల్లవారిన పిమ్మటనే తీయవలెను. కుక్కలు గుంపుగూడి తిరుగునది తెల్లవారుజాముననే గదా!

పగటివేళ పెరటికి తాటికమ్మల దడియు, దాని వెలుపల తుమ్మకంపయు నున్నచో కొంత రక్షణ కలుగును. హైదరాబాదు పరిశోధనాలయమున రూపొందిన వనరాజ జాతి కోళ్లు పెంచువారు మఱింత జాగ్రత్త వహింపవలెను. అవి బరువైనవి, దేశవాళీ కోడివలె చివ్వున నెగిరి తప్పించుకొనజాలవు.

కొందఱు కోపమున మాంసములో పురుగుమందు గుళికలు కలిపి వీధిలో వైతురు. ఇది నేరము. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమును, 2024 జూలై 1 మొదలు అమలునందున్న భారతీయ న్యాయసంహితలోని 325వ విభాగమును దీనిని శిక్షార్హము గావించినవి. నేరమన్న మాట యటుంచినను, నేలరాలిన గుళికలను మొదట ఏరుకొని తినునది మన కోడియే. ఎవరి బిడ్డ చేతికి తగులునో యెవరెఱుగుదురు?

కుక్క ఊరిలో నిలుచుటకు కారణము తిండి. మాంసపు టంగడి వ్యర్థములును, తెగులున చచ్చి దిబ్బలపై పడవేసిన కోళ్లును వానికి విందు. చచ్చిన కోడి రుచి మరిగిన కుక్క బ్రతికిన కోడిని విడుచునా? కొక్కెర తెగులున చచ్చిన కోడిని సున్నము చల్లి లోతుగా పాతిపెట్టినచో తెగులును వ్యాపింపదు, కుక్కయు రాదు. చల్లపల్లిలో 2014వ సంవత్సరమున మొదలైన స్వచ్ఛోద్యమమున కార్యకర్తలు వేకువనే లేచి వీధులను, రోడ్ల ప్రక్కలను శుభ్రపఱచిరి. ఊరి చెత్త ఊరివారి చేతులతోనే తొలగునని అది చూపినది. ఆ పట్టుదలలో కొంత మాంసపు వ్యర్థముల విషయమున జూపినచో చాలును.

వీధికుక్కలకు సంతాననిరోధ శస్త్రచికిత్సయు, రేబిస్ టీకాయు చేయించు బాధ్యతను 2023 నాటి నియమములు పంచాయతీలు మొదలగు స్థానిక సంస్థలపై నుంచినవి. ఒక్కరు నోటిమాటగా చెప్పుటకంటె పదిమంది సభ్యులు వ్రాతమూలముగా నర్జీ యిచ్చుట మేలు. కుక్కను తఱుముచు కాటుపడినవారు గాయమును పావుగంటసేపు సబ్బుతో, ధారగా పోయు నీటితో కడిగి, వెంటనే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. కారము, పసుపు పూసి కూర్చుండుట ప్రాణాంతకము.

పెంపుడు కుక్క కోడిని చంపినచో పొరుగువారితో తగవు కలుగును. రాత్రి కుక్కను కట్టివేయుట యజమాని ధర్మము. నష్టమును పెద్దల యెదుట లెక్కగట్టి యిచ్చుట మర్యాద. ఒక కోడికై రెండిండ్లు మాటలు మానుకొనుట కోడి పోయినదానికంటె పెద్ద నష్టము.

తుదకు మా సూచన యిది. వలచుట్ట మొత్తము కొన్నచో ఒక్క గూటికి అక్కఱకు మించును. విడిగా కొన్నచో వెల హెచ్చును. ఒక్కొక్క వీధివారు కలిసి సంఘము ద్వారా చుట్టలు తెప్పించుకొని పంచుకొనవచ్చును. పంట వచ్చి, కోళ్లు కల్లములవైపు తిరుగు దినములకు ముందే యీ పని ముగించినచో, తెల్లవారి గూడు తెఱచు ఇల్లాలికి కోళ్ల లెక్క సరిపోవును.