సముద్రం మీద దగ్గర దారి

బజారుకు బయలుదేరేటప్పుడు దారి గురించి మనం పెద్దగా ఆలోచించం. ఏ సందు దగ్గరైతే ఆ సందులో పడి వెళ్లిపోతాం. కాని సందూ గొందీ లేని చోట, నాలుగు వైపులా నీళ్లే ఉన్న చోట, దారి ఎంచుకోవలసి వస్తే? గెలుపోటములు ఆ ఎంపిక మీదే ఆధారపడితే? పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవుల్లో ఆడవాళ్లు ఈ పని ఎలా చేస్తారో ఈ వారం చెప్పుకుందాం.

అక్కడ మొలొకాయ్, ఓవాహు అని రెండు దీవులున్నాయి. మధ్యన ఉన్నది కైవి జలసంధి. వెడల్పు సుమారు 42 కిలోమీటర్లు. సన్నని పొడుగాటి పడవల్లో తెడ్లు వేస్తూ దాన్ని దాటే పందెం మగవాళ్లకు 1952లో మొదలైంది. ఆ సముద్రం ఆడవాళ్ల వల్ల కాదన్న మాట చాలాకాలం వినిపించింది. 1975లో ఆడవాళ్ల జట్లు పందెం లెక్కలో లేకుండానే దాటి చూపించాయి. చివరికి 1979లో వాళ్లకంటూ ఒక పందెం ఏర్పడింది. దాని పేరు ‘నా వాహినే ఓ కే కాయ్’, అంటే సముద్రపు స్త్రీలు అని. తీరం వెంట వెళ్లేదీ కలుపుకుంటే మొత్తం దూరం 66 కిలోమీటర్ల దాకా ఉంటుంది. మంచి జట్లకు కూడా అయిదు గంటలకు పైగా పడుతుంది.

పడవలో ఆరుగురు కూర్చుంటారు. బోల్తా పడకుండా పడవకు ఎడమ పక్కన దుంగ లాంటిది కట్టి ఉంటుంది. అందరికంటే వెనక కూర్చునే ఆవిడ చేతిలో చుక్కాని తెడ్డు ఉంటుంది. దారి ఎంచుకునే భారం ఆవిడదే. మిగతావాళ్లు అలిసిపోతే తోడు పడవలోంచి వేరేవాళ్లు నీళ్లలోకి దూకి, ఈదుకుంటూ వచ్చి ఆ స్థానాల్లోకి ఎక్కుతారు.

ఇక అసలు చిక్కు ఏమిటో చూడండి. వాళ్లు చేరవలసింది పడమటి వైపు, కొంచెం ఉత్తరంగా. అక్కడ ఎక్కువగా వీచేది తూర్పు ఈశాన్యపు గాలి. అందుచేత గాలీ, అలలూ పడవను వెనకనుంచి తోస్తాయి సరే, కాని దక్షిణానికి లాగేస్తూ తోస్తాయి. అల వీపు మీద పడవ జారిందంటే తెడ్డు శ్రమ సగం తగ్గినట్టే. ఆ సుఖానికి ఆశపడితే మాత్రం దారి తప్పుతుంది.

కనుక దారులు మూడు. మొదటిది తిన్నగా వెళ్లడం. దూరం తక్కువే కాని, అలలను ఎప్పుడూ ఏటవాలుగా కోసుకుంటూ పోవాలి. రెండోది ఉత్తరపు దారి. చేతుల్లో సత్తువ ఉన్నప్పుడే గాలికి అడ్డంగా కష్టపడి పైకి వెళ్లి, తర్వాత అలల మీద జారుతూ గమ్యానికి దిగిరావడం. మూడోది దక్షిణపు దారి. మొదటినుంచీ అలల మీద హాయిగా జారిపోయి, చివర్లో ఉత్తరానికి మళ్లడం. అప్పటికి చేతులు అలిసిపోయి ఉంటాయి, అలలు పక్కనుంచి కొడుతుంటాయి. మొదటి గంటలో ముందున్న పడవే చివరిదాకా ముందుంటుందనుకోవడానికి వీల్లేదు.

చుట్టు తిరిగితే దూరం పెరగదా అని మీరు అడగవచ్చు. లెక్క వేసి చూద్దాం. 42 కిలోమీటర్ల దారిలో నడిమధ్యకు వచ్చేసరికి 4 కిలోమీటర్లు పక్కకు జరిగారనుకోండి. పెరిగేది ముప్పావు కిలోమీటరు, అంతే. నూటికి రెండు పాళ్లు కూడా కాదు. అలలు అంతకంటే ఎక్కువ వేగం ఇస్తే చుట్టుదారే త్వరగా చేరుస్తుంది. గాలి పడిపోయి అలలు చచ్చిన రోజున ఆ లాభం ఉండదు గనుక తిన్నటి దారే మేలు.

ఇంకొకటి ప్రవాహం. అది ఉత్తరానికి లాగుతున్న వేళ దక్షిణపు దారిన వెళ్లినవాళ్లకు కలిసివస్తుంది. దక్షిణానికి లాగుతుంటే ఇంకా పైకి పట్టాలి. దూరాన కనిపించే ఓవాహు కొండకే పడవ ముక్కు గురిపెట్టి కూర్చుంటే చాలదు. గురి కొండ మీదే ఉంటుంది, పడవ మాత్రం కిందికి కొట్టుకుపోతూనే ఉంటుంది. ఏరు దాటించే పడవవాడు ఎదుటి రేవుకంటే ఎగువకు గురిపెట్టడం ఇందుకే.

ఓవాహు దగ్గరపడ్డాక కోకో హెడ్ అనే రాతి కొండ వస్తుంది. అక్కడ అలలు రాతికి కొట్టుకుని వెనక్కి తిరిగి, ఎదురొచ్చే అలలతో కలిసి నీటిని కుతకుతలాడిస్తాయి. మరీ దగ్గరగా వెళ్తే పడవ నిలదొక్కుకోదు. మరీ ఎడంగా వెళ్తే దూరం పెరుగుతుంది.

అంచేత ఆ వెనక కూర్చున్నావిడ బయలుదేరే ముందే గాలినీ, ప్రవాహాన్నీ చూసుకుని ఒక నిర్ణయానికి వస్తుంది. పక్క పడవ ఎటో మళ్లిందని తానూ మళ్లదు. గాలి మారితేనే తన దారి మార్చుకుంటుంది. ఆవిడ మాట మీద అయిదుగురు తెడ్లు వేస్తారు. ఈసారి ఎవరైనా “ఆడవాళ్లకు దారీ తెన్నూ ఏం తెలుస్తుంది” అంటే, కైవి జలసంధి సంగతి ఒకసారి చెప్పండి.