నొక్కకుండానే పలికే గడియారం
పొలం గట్ల లెక్కే కంప్యూటరు ఆటకూ ఆధారం

హైదరాబాద్: పాతబస్తీలో చార్మినార్ చూసిన పల్లె జనం చాలామంది సాలార్ జంగ్ మ్యూజియంలో కూడా అడుగు పెట్టే ఇంటిముఖం పడతారు. అక్కడ సంగీత గడియారం ముందు ఎప్పుడూ గుంపే. ప్రతి గంటకూ ఓ చిన్న బొమ్మ మనిషి బయటకు వచ్చి గంట కొట్టి పోతాడు. దాన్ని ఎవరూ తాకరు. కళ్లతోనే చూస్తారు.

ఇదే గదిని కంప్యూటరు ఆటగా తయారు చేశారనుకుందాం. మౌస్ కదిపి తెర మీది బాణం గుర్తును గడియారం మీదికి తెస్తే చాలు, అది మెరుస్తుంది, పేరు కనిపిస్తుంది. మీట నొక్కే పనే లేదు. దీన్నే 'హోవర్' అంటారు. కళ్లు లేని కంప్యూటరుకు ఈ సంగతి ఎలా తెలుస్తుంది?

నాలుగు ప్రశ్నలు

రైతుకు ఇది కొత్త లెక్కేమీ కాదు. మనిషి ఎవరి పొలంలో నిలబడ్డాడో తేల్చాలంటే నాలుగు గట్లు చూస్తాం. తెర కూడా చుక్కలతో నిండిన చేను వంటిదే. సాధారణంగా ఎడమ పై మూల నుంచి లెక్క మొదలవుతుంది. గడియారం అడ్డంగా 800 నుంచి 1100 వరకు, నిలువుగా 200 నుంచి 600 వరకు ఉందనుకోండి. బాణం 950, 500 దగ్గర ఉంటే నాలుగు గట్ల లోపల ఉన్నట్టే. అడ్డంగా 1100 దాటితే బయట. ఆట నడుస్తున్నంతసేపూ, సెకనుకు 60 సార్ల వరకు ఈ ప్రశ్నలే సాగుతుంటాయి.

గుండ్రటి వస్తువుకు గట్లు చాలవు. మధ్య బిందువు నుంచి బాణం ఎంత దూరమో కొలవాలి. ఆ దూరం వ్యాసార్ధం కన్నా తక్కువైతే లోపలే.

కొత్తవారు పడే పొరపాట్లు

'లోపల ఉంటే గంట మోగించు' అని రాస్తే సెకనుకు 60 గంటలు మోగి చెవులు చిల్లులు పడతాయి. ఇంతకు ముందు బయట ఉండి ఇప్పుడే లోపలికి వచ్చిందా అని కూడా అడగాలి. అప్పుడు గంట ఒక్కసారే మోగుతుంది. ఒకదాని మీద ఒకటి ఉన్న వస్తువులైతే పైదానికే మొదటి హక్కు ఇవ్వాలి. లేకుంటే ఒకే భూమికి ఇద్దరు పట్టాదారులు తేలినట్టే.

వేలికి ఆ వసతి లేదు

సాలార్ జంగ్ మ్యూజియం ఇప్పటి భవనంలోకి మారింది 1968లో. అదే ఏడాది డిసెంబరు 9న అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌస్‌ను సభలో పనిచేయించి చూపారు. నేడు ఊళ్లలో పిల్లల చేతికి ముందు అందుతున్నది మౌస్ కాదు, ఫోను. మామూలు ఫోనుకు వేలు గాలిలో ఉన్నంతసేపూ ఆ సంగతి తెలియదు. తగిలితేనే తెలుస్తుంది.

కాబట్టి ఆటలోని కీలకమైన సూచనను హోవర్‌లో మాత్రమే దాస్తే ఫోను పట్టుకున్న పిల్లవాడికి అది ఎన్నటికీ దొరకదు. అదే సూచన వేలితో తాకినా కనిపించాలి. స్క్రిప్టులో అందుకు మరో నాలుగు వరుసలు రాస్తే సరిపోతుంది. ఆ నాలుగు వరుసలు ఉంటే పట్నం పిల్లలతో పాటు పల్లె పిల్లలకూ గడియారం పలుకుతుంది.