గ్యాసు బండ, రాతి బండ

విశాఖ జాలరిపేట ఒడ్డున గంప నిండా చేపలున్నాయని ఎవరైనా అంటే పూర్తిగా నమ్మకండి. చేపకీ చేపకీ మధ్య సందులన్నీ గాలివే. చేప తన ఆకారం వదులుకోదు మరి! ఆ సందుల్లో దంచిన ఐసు పోస్తే, ఐసు ముక్కల మధ్య మళ్లీ సందులు. కరిగి నీళ్లయ్యాకే ప్రతి మూలకూ చేరుతుంది. కానీ అది గంప కదా, కారిపోతుంది.

పోనీ, పద్ధతిగా పేరిస్తే? బండి మీద బత్తాయిలు పేర్చినట్టు ఒకే సైజు గుండ్లను ఎంత నేర్పుగా పేర్చినా 74 శాతం చోటే నిండుతుంది. అంతకు మించి కుదరదని 1611లోనే ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ అన్నాడు. రుజువు దొరికేసరికి 1998 అయింది. పళ్ల బండివాళ్లు అంతదాకా ఆగలేదనుకోండి.

గాలి సంగతి వేరు, ఎంత చోటిస్తే అంతా దానిదే. లోతు నుంచి గబగబా లాగిన చేపలో గాలి తిత్తి ఉబ్బి, ఒక్కోసారి కడుపును నోట్లోంచి బయటికి తన్నేస్తుంది. 30 మీటర్ల అడుగున ఉన్న గాలి పైకొచ్చేసరికి నాలుగింతలవుతుంది మరి. వలలో పడితే జాలరి పంట పండించే కచిడి చేపకు అంత ధర తెచ్చేదీ ఈ తిత్తే.

ఇంత చోటు తినే గాలిని దూరం పంపాలంటే ద్రవం చేయాల్సిందే. కోవిడ్ వేళ, 2021 ఏప్రిల్ 22న, దేశంలో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు ఏడు నిండు ట్యాంకర్లతో మహారాష్ట్రకు కదిలింది విశాఖ ఉక్కు కర్మాగారం నుంచే. వెళ్లింది వాయువు కాదు, ద్రవం. లీటరు ద్రవ ఆక్సిజన్ ఆవిరైతే సుమారు 860 లీటర్ల వాయువు. ఆ ఏడు ట్యాంకర్ల సరుకును మామూలు ఒత్తిడిలో వాయువుగా పంపాలంటే ఆరు వేల ట్యాంకర్లు కావాలి.

అన్నిటికన్నా నాకు వింతగా తోచేది విశాఖ నేల కింది గుహ. సముద్రమట్టానికి దాదాపు 200 మీటర్ల దిగువన రాయి తొలిచి, 60 వేల టన్నుల వంటగ్యాసు దాచేలా 2007లో సిద్ధం చేశారు. లోపల ఇనుప తొడుగేమీ లేదు. చుట్టూ రాతి పగుళ్లలోని నీటి ఒత్తిడి గ్యాసు ఒత్తిడి కంటే ఎక్కువ, అందుకే అది బయటికి రాలేదు. నీళ్లే గోడ, నీళ్లే మూత. గ్యాసు బండ అంటే అదీ!

మన వంటింటి బండలో ఉన్నదీ చాలావరకు ద్రవమే, 14.2 కిలోలు. ఎండకు ఉబ్బితే చోటుండాలని పైన కొంత వదిలేస్తారు, అక్కడ ఆవిరి చేరుతుంది. అడుగున ద్రవం ఉన్నంతసేపూ ఆ ఆవిరి ఒత్తిడి పెద్దగా తగ్గదు. అందుకే నిన్నటిదాకా భేషుగ్గా మండిన పొయ్యి పండగపూట ఆరిపోతుంది. మంటను నమ్మకండి, బరువు చూడండి. ఈసారి బండ రాగానే దాని మీద రాసిన ఖాళీ బరువుకు 14.2 కలిపి, గుమ్మంలోనే తూయించుకోండి.