ఉప్పునీటి రక్తబీజుడు

ఇంట్లో సముద్రపు నీటి అక్వేరియం పెట్టుకున్నవాళ్ల దగ్గర ఐప్టేషియా పేరెత్తండి, ఒంటికి కారం రాసుకున్నట్టు మండిపడతారు. వాళ్ల మంటకు కారణం ఉంది. వేలకు వేలు పోసి ట్యాంకు కట్టిస్తారు. ఆర్వో నీళ్లలో ఉప్పు కలిపి, నెలల తరబడి నీటిని పరీక్షించుకుంటూ ఒక్కొక్క చేపనే దించుతూ వస్తారు. ఓ రోజు రాతి పగుల్లో గోధుమరంగు కాడ ఒకటి, దాని కొసన చుట్టూ వెంట్రుకలంత సన్నటి వేళ్లు కనిపిస్తాయి. ముచ్చటగానే ఉందే అనుకుంటారు. కొన్ని వారాలకు అవి పదవుతాయి. ఆ తర్వాత లెక్కపెట్టడం మానేస్తారు.

చూపులకు పువ్వు, పుట్టుకకు జంతువు, తిండికి మాంసాహారి. సీ అనిమోన్లలో ఇదొక రకం. అనిమోన్లు, పగడాలు, జెల్లీచేపలు అన్నీ నిడేరియా అనే ఒకే వర్గం. ఈ వర్గమంతటికీ ఉన్న ఆయుధం దంశకణం. దాన్ని ఏదైనా తాకిందంటే లోపల చుట్టుకుని ఉన్న విషపు దారం కన్నుమూసి తెరిచేలోగా బయటికి దూసుకొచ్చి గుచ్చుకుంటుంది. ఐప్టేషియా ఆ వేళ్లతో చిన్న రొయ్యలను, చేప పిల్లలను పట్టి తింటుంది, పక్కనున్న పగడాన్ని కాల్చి జాగా ఖాళీ చేయిస్తుంది. అది చాలదన్నట్టు దాని ఒంటి కణాల్లో సూక్ష్మమైన శైవలాలు కాపురముంటాయి. ఆ గోధుమరంగు వాటిదే. వెలుతురు ఉన్నంతసేపూ అవి చక్కెర వండి ఇల్లుగలాయనకు పెడతాయి. అంటే మేత దొరికినా బతుకుతుంది, లైటు వెలిగినా బతుకుతుంది. చీకట్లో పెడితే శైవలాలను వదులుకుని తెల్లబడి, తిండి మీదే కాలక్షేపం చేస్తుంది. పస్తులు పెట్టి చంపుదామనుకుంటే జరిగే పని కాదు.

అసలు చిక్కు దాని పాదంలో ఉంది. ఐప్టేషియా రాతికి అంటుకుని ఉన్న అడుగు భాగం మీద మెల్లగా జరుగుతుంది. జరిగేటప్పుడు అంచు నుంచి ఆవగింజకన్నా చిన్న తునకలు తెగి రాతి మీదే ఉండిపోతాయి. ఇది దెబ్బ తగిలి జరిగేది కాదు, అది పిల్లల్ని పెట్టే పద్ధతే అంత. ఆడామగా తోడు అక్కర్లేదు, కాలం కలిసిరావాల్సిన పని లేదు. తునక గుండ్రబడుతుంది, మధ్యలో నోరు తెరుచుకుంటుంది, చుట్టూ వేళ్లు మొలుస్తాయి. కొద్ది వారాల్లో అది తల్లికి అచ్చు నకలు. ఇది తెలియని కొత్తవాళ్లు ఏం చేస్తారంటే, పాత టూత్‌బ్రష్షో బ్లేడో తీసుకుని రాతిని గీకేస్తారు. గీకిన ప్రతి ముక్కనూ పంపు నీరు ట్యాంకంతా విత్తనం చల్లినట్టు చల్లుతుంది. పురాణంలో రక్తబీజుడి నెత్తురు బొట్టు నేలరాలితే అక్కడ ఇంకో రక్తబీజుడు లేచేవాడు. కాళి చేసిందల్లా బొట్టు నేల మీద పడకుండా చూడటమే. ఐప్టేషియా మీద నెగ్గినవాళ్లందరూ ఏదో ఒక రూపంలో చేసేది ఆ పనే: చంపితే మొత్తంగా చంపాలి, లేదా చెయ్యి పెట్టకుండా ఊరుకోవాలి. అరకొర దాడి దానికి చేసే సేవ.

సముద్రానికి దూరంగా ఉన్న టేకులపల్లి లాంటి చోట ఈ గొడవతో ఏం పనని ఎవరైనా అడగొచ్చు. ఇల్లెందుకూ కొత్తగూడేనికీ మధ్య, టేకు అడవుల, బొగ్గు గనుల నడుమనున్న మండలం అది. సముద్రం చూడాలంటే దాదాపు 200 కిలోమీటర్లు పోవాలి. అక్కడి నేల కింద బొగ్గుగా మారిన అడవులు కూడా మంచినీటి చిత్తడుల్లో పెరిగినవే, సముద్రం ఒడ్డున కాదు. అయినా అనిమోన్ చుట్టం ఒకటి ఆ ఊరి చెరువుల్లాంటి నీళ్లలోనే బతుకుతుంది. దాని పేరు హైడ్రా. పదో తరగతి దాటినవాళ్లంతా బొమ్మ గీసే ఉంటారు, కంటితో చూసినవాళ్లు మాత్రం తక్కువ. చూడటానికి ప్రయోగశాల అక్కర్లేదు. చలికాలంలో చెరువు అంచున కదలని నీటిలోంచి కాస్త నాచు, తామరాకు కింది భాగం తీసి, శుభ్రమైన గాజు సీసాలో అదే చెరువు నీళ్లతో వేసి, కిటికీ దగ్గర కదపకుండా ఉంచండి. హైడ్రాకు వెలుతురంటే ఇష్టం. ఉంటే గనక, తెల్లారేసరికి వెలుగు పడే వైపు గాజుకు అంటుకుని, అర సెంటీమీటరు పొడవున్న దారప్పోగులా వేలాడుతుంది. భూతద్దంలో చూస్తే అయిదారు వేళ్లు నీళ్లలో తేలుతుంటాయి. సూదిమొనతో తాకితే ముడుచుకుని చుక్కయిపోతుంది. అదృష్టం బాగుంటే నీటిపురుగు ఒకటి ఆ వేలికి తగిలి, రెండుసార్లు తన్నుకుని, కదలిక ఆగి నోట్లోకి పోవడం కూడా కనిపిస్తుంది. నడుము దగ్గర మొగ్గ తొడిగి ఉంటే అది పిల్ల. పక్వానికొచ్చాక ఊడి తన దారిన తాను పోతుంది.

జంతువును ముక్కలు చేస్తే ప్రతి ముక్కా పూర్తి ప్రాణి కాగలదని ప్రపంచం నేర్చుకున్నది హైడ్రా దగ్గరే. 1740లలో హాలండులో పిల్లలకు చదువు చెప్పుకుంటూ బతికిన అబ్రహాం ట్రెంబ్లే అనే జెనీవా వాసి ఇది మొక్కో జంతువో తేలక, కోసి చూశాడు. మొక్కయితే పెరుగుతుంది, జంతువయితే చస్తుందని ఆయన లెక్క. రెండు ముక్కలూ రెండు పూర్తి ప్రాణులయ్యాయి. నడుస్తుంది, వేటాడుతుంది, కోస్తే పెరుగుతుంది! తల భాగాన్ని నిలువునా చీలుస్తూ పోయి ఏడు తలల హైడ్రాను కూడా తయారుచేశాడు. 1744లో ఆయన అచ్చువేసిన పుస్తకం యూరప్ పండితులను కొన్నేళ్లపాటు నిద్రపోనివ్వలేదు.

మంచినీటి ట్యాంకుల్లో గప్పీలు, ఫైటర్ చేపలు పెంచేవాళ్లకు హైడ్రా పెద్ద చేపల విషయంలో బెడద కాదు. అప్పుడే పుట్టిన పిల్లలున్న తొట్టెలోనే దానితో చిక్కు. మొక్కలతోనో, చెరువు నుంచి తెచ్చిన నీటిపురుగులతోనో వస్తుంది, మిగిలిపోయిన మేతతో బలుస్తుంది. గోరామి చేపలు దాన్ని తింటాయి. గొర్రెలకూ మేకలకూ నట్టల నివారణకు పోసే ఫెన్‌బెండజోల్ కూడా దాన్ని చంపుతుంది, కాకపోతే తొట్టెలోని నత్తలకూ అది ముప్పే. అన్నిటికన్నా ముందు చేయాల్సింది మేత తగ్గించడం. తిండి పుష్కలంగా దొరికితేనే అది మొగ్గ మీద మొగ్గ తొడుగుతుంది.

ఉప్పునీటి చుట్టం అంత తేలిగ్గా లొంగదు. దానికి బాగా పనిచేసే మందు మాత్రం మన ఇళ్లలో తెలిసినదే: సున్నం. తాంబూలానికి రాసుకునే సున్నం రసాయనికంగా కాల్షియం హైడ్రాక్సైడ్. సముద్రపు నీటి పీహెచ్ 8 దాటి కాస్త ఉంటే దీని ముద్ద పీహెచ్ 12 పైన ఉంటుంది. తగిలిన మెత్తటి కణజాలాన్ని కాల్చేస్తుంది. ఆ తర్వాత మెల్లగా కార్బొనేటుగా మారి రాతిలో కలిసిపోతుంది కాబట్టి ట్యాంకులో వేరే విషం మిగలదు. కిళ్లీకొట్టు సున్నంలో ఇంకేం కలిసిందో చెప్పలేం. శుద్ధమైన పొడి తీసుకుని, కొన్ని చుక్కల నీళ్లతో పెరుగులా చిక్కగా కలిపి సిరంజిలోకి తీసుకోవాలి.

పంపులన్నీ ఆపేయాలి. నీరు కదిలితే ముద్ద చెదిరి, పగడాల మీద పడుతుంది. సూదిని పక్క నుంచి నిదానంగా తేవాలి. నీడ పడినా, వేలు తాకినా ఐప్టేషియా రాతి కన్నంలోకి మాయమవుతుంది, మళ్లీ బయటికొచ్చేదాకా కాపు కాయాల్సిందే. వేళ్లు విప్పుకుని ఉన్నప్పుడు నోటి మధ్య ఒక చుక్క వదిలితే మేతనుకుని మింగుతుంది. ఆ క్షణంలోనే మిగతా ముద్దతో దాన్నీ, దాని కన్నాన్నీ పూర్తిగా పూడ్చేయాలి. బెదిరితే ఒంటి పక్కల చిల్లుల్లోంచి తెల్లటి విషపు పోగులు కక్కుతుంది. వాటితోనూ జాగ్రత్త. పావుగంట, ఇరవై నిమిషాలాగి పంపులు వేయొచ్చు. ఒక పూటకు రెండు మూడింటితో ఆపాలి. ఆవేశం కొద్దీ ట్యాంకంతా సున్నం కొడితే నీటి పీహెచ్ ఎగబాకి చేపలు చస్తాయి. చేతికి గ్లవ్సు, కంటికి అద్దాలు తప్పనిసరి. కంట్లో సున్నం పడటం ఎంత ప్రమాదమో మన ఇళ్లలో పెద్దవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. నిమ్మరసం, మరుగునీళ్లు సిరంజితో ఎక్కించేవాళ్లూ ఉన్నారు. నిమ్మరసానికి అంత పదును లేదని నా అభిప్రాయం.

సంఖ్య చెయ్యి దాటిపోతే శత్రువుకు శత్రువును దించాలి. పిప్పరమెంటు రొయ్య అని పిలిచే ఎర్రచారల చిన్న రొయ్య, లైస్మాటా జాతిది, చిన్న ఐప్టేషియాలను తింటుంది. పెద్దవాటి జోలికి పోదు, మనం వేసే మేతతో కడుపు నిండితే చిన్నవాటినీ వదిలేస్తుంది. అదే పోలికలతో ఉండే ఒంటె రొయ్యను అంటగట్టే దుకాణాలూ ఉంటాయి. అది పగడాలనే కొరుకుతుంది. పొడుగు ముట్టె ఉన్న రాగిచారల సీతాకోకచేప పగుళ్లలోకి మూతి పెట్టి లాగేస్తుంది గానీ, దాన్ని బతికించుకోవడమే ఒక యజ్ఞం. వీటన్నిటికన్నా నాకు నచ్చేది బెర్ఘియా అనే రెండు సెంటీమీటర్ల సముద్రపు పెంకులేని నత్త. ఇది ఐప్టేషియా తప్ప మరేదీ ముట్టదు. పగలు రాళ్ల కింద దాక్కుని రాత్రి వేటకు వస్తుంది. తిన్న అనిమోన్‌లోని పేలని దంశకణాలను అరిగించుకోకుండా దాచి, వీపు మీది కొమ్ముల కొసలకు చేర్చుకుని తన రక్షణకు వాడుకుంటుంది. చివరి ఐప్టేషియా అయిపోయాక దానికి తిండి లేదు, అదీ పోతుంది. అందుకే అనుభవజ్ఞులు పని పూర్తికాగానే వాటిని పక్కవాళ్ల ట్యాంకుకు పంపిస్తారు. ఐప్టేషియా కాక మజానో అనే పొట్టి అనిమోన్ పట్టుకుంటే మాత్రం ఈ సైన్యం అంతగా పనికిరాదు, సున్నమే దిక్కు.

ఇంత తలనొప్పి పడలేక రాయిని బయటికి తీసి గిన్నెలో ఉడకబెడదామనిపిస్తుంది. ఆ పని ఎవరూ చేయకూడదు. అలాంటి రాళ్ల మీద పెరిగే జోయాంథిడ్ అనే పగడపు చుట్టాల్లో కొన్నింటిలో పాలిటాక్సిన్ ఉంటుంది. సముద్రజీవుల విషాల్లో అతి తీవ్రమైనవాటిలో అదొకటి. వేడికి అది చావదు, ఆవిరితో గాలిలోకి లేస్తుంది. 2018లో ఇంగ్లండులోని స్టీవెంటన్ గ్రామంలో ఒక ఇంట్లో అక్వేరియం పగడాలను శుభ్రం చేస్తుండగా లేచిన విషం పీల్చి కుటుంబమంతా ఆసుపత్రి పాలైంది. రాయిని ఆరుబయట ఎండలో నెలల తరబడి వదిలేయడం క్షేమం. కొత్తగూడెం వేసవి ఎండకు తట్టుకునే అనిమోన్ ఇంకా పుట్టలేదు.

నివారణ సంగతికొస్తే, ఐప్టేషియా గాల్లోంచి ఊడిపడదు. లైవ్ రాక్ అనే పగడపు రాయితోనో, పగడపు ముక్క అంటించిన దిమ్మెతోనో మన డబ్బులతోనే వస్తుంది. కొత్తగా తెచ్చిన ఏ రాయినైనా కొన్ని వారాలు వేరే తొట్టెలో ఉంచి, రాత్రిపూట టార్చి వేసి వెతకాలి. ఇక్కడ మన చట్టం కూడా ఒక మాట చెబుతోంది. రీఫ్ కట్టే పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. అంటే పులికున్న రక్షణే పగడానికీ ఉంది. సముద్రంలోంచి తీసినా, అమ్మినా, ఇంట్లో పెట్టుకున్నా మూడు నుంచి ఏడేళ్ల జైలు. దుకాణంలో దొరుకుతోంది కదా అని అది చట్టబద్ధం కాదు. సిరామిక్కుతో, సిమెంటుతో చేసిన కృత్రిమ రాయితో మొదలుపెట్టిన ట్యాంకులోకి ఐప్టేషియా వచ్చే దారీ మూసుకుపోతుంది, అటవీశాఖ వచ్చే అవసరమూ ఉండదు. విశాఖలో రుషికొండ దగ్గర పోటు తగ్గినప్పుడు రాతి గుంటల్లో కనిపించే అనిమోన్లను సీసాలో పట్టి తెచ్చుకునే సరదా కూడా మానుకుంటే మంచిది.

ఇన్ని తిట్లు తిన్న ఈ ప్రాణినే ప్రయోగశాలల్లో కోరి పెంచుతున్నారు. పగడం నెమ్మదిగా పెరుగుతుంది, చీటికీమాటికీ చస్తుంది. ఐప్టేషియాలోనూ ఉన్నది అదే తరహా శైవలాల కాపురం, పైగా చంపినా చావదు. శైవలాలను వెళ్లగొట్టవచ్చు, తిరిగి చేర్చవచ్చు. నీరు వేడెక్కితే పగడం తన శైవలాలను ఎందుకు గెంటేసి తెల్లబడుతుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా అనువైన జంతువు లేదు. 2015లో దీని జన్యుపటం మొత్తం ప్రచురితమైంది. 2024లో లక్షద్వీప్ పగడాలు పెద్దయెత్తున తెల్లబడినప్పుడు కణం లోపల జరిగిందేమిటన్న ప్రశ్నకు జవాబు ఈ కలుపు ప్రాణి నుంచే వస్తోంది.

ఇక అక్వేరియం మీద మోజు తీరినవాళ్లకు ఒక మాట. దక్షిణ అమెరికా నుంచి గాజు తొట్టెలు శుభ్రం చేయడానికి తెచ్చిన సక్కర్ చేప ఇవాళ మన చెరువుల్లో దెయ్యం చేపగా పేరు తెచ్చుకుంది. ముళ్లతో వలలు చింపుతోంది, చేపల రైతులను ఏడిపిస్తోంది. నీటిలోని డీఎన్ఏ ఆనవాళ్లతో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు వెతికితే తూర్పు కనుమల నీటివనరుల్లో 60 శాతం చోట్ల అది తేలింది. దానంతటది ఈదుకుంటూ ఖండాలు దాటి రాలేదు, ఎవరో తొట్టె వంచితే వచ్చింది. ట్యాంకు ఎత్తేయాలనుకుంటే చేపలను దుకాణానికి తిరిగివ్వండి, నీళ్లలో బ్లీచింగు పొడి కలిపి కాలువకు కాక ఇంటి మురుగు గొట్టంలో పారబోయండి, రాళ్లను మేడ మీద ఎండబెట్టండి. ఊరి చెరువులో మాత్రం ఏదీ వదలకండి.