సముద్రపు రోమకీటములు

పురుగన్న మాటకే మనము మొగము చిట్లింతుము. కాని సముద్రపు బురదలో, ఱాళ్ల సందులలో నివసించు రోమకీటముల చరిత్ర చదివి మేము మనసు మార్చుకొంటిమి. వీని యొడలి కిరుప్రక్కల గట్టి రోమములు కుచ్చులుగా నుండును. ఆ రోమముల యాకారమును, దవడ లున్నచో వానిని సూక్ష్మదర్శినితో పరీక్షించి జాతిని నిర్ణయింతురు. 1758లో లిన్నేయసు పండితుడు పచ్చ, బంగారు వన్నెల మెఱయు నొకదానికి గ్రీకుల ప్రణయదేవత పేర 'అఫ్రొడీటా' యని నామకరణము చేసెను.

తరువాత నొకే కీటమునకు పలువురు పలు పేర్లిడిరి. జాడీలపై చీట్లు తారుమారైన వంటయింటివలె శాస్త్రము చిక్కుపడెను. మొదట ప్రకటించిన పేరే నిలుచుట సామాన్యనియమము. గ్రంథములు వెదకి యా పేర్లను 1959లో గొప్ప పట్టికగా వెలువరించినది ఓల్గా హార్ట్‌మన్ అను అమెరికా వనిత. మఱికొన్నిచోట్ల నొకే పేరుక్రింద రెండుజాతులు దాగియుండును; అందొకటి నశించిన నెవ్వ రెఱుగుదురు? చీటి సరిచూచుట యెంత యవసరమో గృహిణులకు వేఱుగ చెప్పవలెనా?