కాల్షియానికి కావడి... ఇనుముకు అడ్డు!

ఐరన్ మాత్ర నోట్లో వేసుకుని, పైన గ్లాసుడు పాలు తాగేస్తే రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి... కడుపుతో ఉన్న కోడలికి చాలామంది అత్తగార్లు చెప్పే మాటే ఇది. రక్తానికి మాత్ర, ఎముకలకు పాలు. వినడానికి లెక్క బాగానే ఉంది. కడుపులోకి వెళ్లాకే ఆ రెండింటికీ పొసగదు. విచిత్రమేమిటంటే, ఇనుము దారికి అడ్డుపడే ఆ పాలే కాల్షియాన్ని మాత్రం దగ్గరుండి ఒంటబట్టిస్తాయి!

ఇందులో కీలకం కేసీన్ అనే మాంసకృత్తు. పాలు విరిగినప్పుడు తెల్లగా ముద్దకట్టేది అదే. ఆవుపాలలోని మాంసకృత్తుల్లో దాదాపు 80 శాతం కేసీనే. మనం పాలు తాగాక జీర్ణరసాలు దాన్ని ముక్కలు ముక్కలుగా కోస్తాయి. ఆ ముక్కలే పెప్టైడ్లు. వాటిలో కొన్నింటికి ఫాస్ఫేట్ గుత్తులు అతుక్కుని ఉంటాయి. అవే కేసీన్ ఫాస్ఫోపెప్టైడ్లు. పేరు నోరు తిరగదు కానీ చేసే పని సులువుగానే అర్థమవుతుంది.

బోరునీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర పేరుకుపోవడం చూసే ఉంటారు. నీళ్లలో కరిగి ఉన్న కాల్షియమే అలా గట్టిపడుతుంది. ఇంచుమించు ఇలాంటిదే పేగుల్లోనూ జరుగుతుంది. జీర్ణాశయంలోని ఆమ్లంలో కరిగి ఉన్న కాల్షియం, చిన్నపేగులోకి రాగానే ఆమ్లం తగ్గి, ఫాస్ఫేట్‌తో కలిసి గట్టిపడబోతుంది. గట్టిపడితే ఇక ఒంటబట్టదు. సరిగ్గా అక్కడే ఈ పెప్టైడ్లు కాల్షియాన్ని పట్టుకుని, కరిగిన స్థితిలోనే ఉంచుతాయి. కావడిలో నీళ్లు మోసినట్టన్నమాట.

స్వీడన్‌కు చెందిన మెలాండర్ ఈ సంగతిని 1950లోనే గమనించారు. ఎముకలు మెత్తబడే రికెట్స్ జబ్బుతో ఉన్న పసిపిల్లలకు ఈ పెప్టైడ్లు ఇస్తే, విటమిన్-డి ఇవ్వకపోయినా ఎముకల్లో కాల్షియం చేరిక మెరుగైందని ఆయన చెప్పారు. తర్వాత జరిగిన పరీక్షలన్నీ ఒకే మాట చెప్పలేదు. కొన్నింట్లో ప్రయోజనం కనిపించింది, కొన్నింట్లో లేదు. కాబట్టి 'పాల పెప్టైడ్' అని రాసి ఉన్న ప్రతి డబ్బా కొనేయక్కర్లేదు. దంతవైద్యులు మాత్రం పంటి ఎనామిల్‌కు ఖనిజాలు అందించే క్రీముల్లో వీటిని వాడుతున్నారు.

అన్నం తినేవాళ్లకు ఓ కబురు

1997లో డెన్మార్క్ శాస్త్రవేత్తలు ప్రచురించిన ఓ అధ్యయనం మన కంచానికి దగ్గరగా ఉంది. పసిపిల్లల కోసం బియ్యంతో చేసే జావలో ఈ పెప్టైడ్లు కలిపితే కాల్షియం, జింకు మరింతగా ఒంటబట్టాయి. పొట్టుతీయని ధాన్యంతో చేసిన జావలో మాత్రం ఆ పాచిక పారలేదు. కారణం, పొట్టులో ఉండే ఫైటేట్లు. ఇవి ఖనిజాలను అంతకంటే గట్టిగా పట్టేసుకుంటాయి.

మరి రాగిజావ సంగతి? వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఫైటేట్లూ ఉంటాయి. అందుకే రాగుల్ని నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి పిండి పట్టించే పాత పద్ధతే మేలు. మొలకెత్తేటప్పుడు ఫైటేట్లు కొంత విరిగిపోతాయి. ఆ జావలో మజ్జిగ పోసుకుంటే ఇంకేం కావాలి!

ఇనుము దగ్గరే పేచీ

తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అంటే ఇద్దరిలో ఒకరికి పైనే. ఇలాంటి చోట మింగిన మాత్ర వృథా కావడం చిన్న విషయం కాదు.

కేసీన్ ఇనుమునూ పట్టుకుంటుంది, కానీ ఓ పట్టాన వదలదు. దానికి తోడు పాలలోని కాల్షియం ఇనుముకు నేరుగా పోటీ. 165 మిల్లీగ్రాముల కాల్షియం పాల రూపంలో ఇచ్చినా, జున్ను రూపంలో ఇచ్చినా ఆ పూట ఇనుము ఒంటబట్టడం 50-60 శాతం తగ్గిందని 1991లో స్వీడన్‌లోనే హాల్‌బర్గ్ బృందం చూపించింది. 200 మిల్లీలీటర్ల పాలలో అంతకంటే ఎక్కువే కాల్షియం ఉంటుంది. నెలల తరబడి తినే మొత్తం ఆహారం మీద లెక్కేస్తే ప్రభావం ఇంత తీవ్రంగా ఉండదు. మాత్ర వేసుకునే పూట మాత్రం జాగ్రత్త అవసరం.

ఉప్పల్ దాటి చెంగిచెర్ల వెళ్తే జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది. ఇటు తార్నాక వస్తే 1958లో కూనూరు నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ. ఈ రెండు సంస్థల చదువూ ఇనుము దగ్గర కలుస్తుంది. మాంసం అరిగినప్పుడు వచ్చే పెప్టైడ్లు పాలవాటికి పూర్తిగా భిన్నం. పక్కనే ఉన్న ఆకుకూరలోని ఇనుమును కూడా ఒంటబట్టేలా చేస్తాయి. గోంగూర మాంసం కనిపెట్టిన మహాతల్లి ఎవరోగానీ, ఆమెకో దండం! మాంసం తిననివాళ్లకు జామపండు ఉండనే ఉంది. అన్నంతోపాటు జామపండు ఇస్తే కౌమారంలోని పిల్లలకు ఇనుము బాగా ఒంటబట్టిందని, జింకులో తేడా రాలేదని తార్నాక శాస్త్రవేత్తలు 2013లో ప్రచురించారు. ఆ మేలు జామలోని విటమిన్-సిది.

తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకంలో గర్భిణులకు అంగన్‌వాడీలోనే భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. ఐరన్ మాత్రా అక్కడే. ఇవన్నీ మంచివే. చెంగిచెర్లలోనైనా, మరే ఊళ్లోనైనా పాలగ్లాసు, మాత్ర ఒకే నిమిషంలో చేతికి రాకుండా చూస్తే చాలు. పైసా ఖర్చు లేని పని ఇది.

ఇంట్లోనూ అంతే. పాలు మానక్కర్లేదు, పెరుగన్నం అసలే మానక్కర్లేదు. ఐరన్ మాత్ర వేరే వేళ, మంచినీళ్లతోనో నిమ్మరసంతోనో వేసుకోవాలి. టీ, కాఫీలూ దాని దరిదాపుల్లో ఉండకూడదు. డాక్టరు కాల్షియం మాత్రలూ రాసిచ్చి ఉంటే, ఆ రెండు మాత్రల మధ్య కనీసం రెండు గంటల ఎడం పాటించాలి.