ఫోన్ పగలగొట్టొద్దు!

మొన్న రాత్రి పది దాటాక కడప నుంచి మా చిన్నమ్మ కూతురు ఫోన్ చేసింది. గొంతు వణుకుతోంది.

"అక్కా, మా పాప ఫొటోను ఎవురో పాడుగా మార్చి గ్రూపులో పెట్టినారంట. వాళ్ల నాయన పాప ఫోను గోడకేసి కొట్టినాడు. ఎవురికీ చెప్పద్దు, పరువు పోతుంది అంటాండాడు. ఏం చేయల్లక్కా?"

పాప తొమ్మిదో తరగతి. ముఖం తనదే, ఒళ్లు ఇంకెవరిదో. కర్నూలులో కూర్చుని నేనేం చెప్పాలి? అప్పుడు గుర్తొచ్చారు సునీతా కృష్ణన్.

ఆమె కంప్యూటర్ ఇంజనీరేం కాదు. అక్రమ రవాణా బారిన పడిన ఆడపిల్లల్ని కాపాడే 'ప్రజ్వల' సంస్థను 1996లో హైదరాబాద్‌లో మొదలుపెట్టిన మనిషి. 2015లో వాట్సాప్‌లో తిరుగుతున్న రెండు సామూహిక అత్యాచారాల వీడియోలు ఆమెదాకా వచ్చాయి. మనలో చాలామంది ఏం చేస్తాం? ఛీ అని డిలీట్ కొట్టేస్తాం. ఆమె మాత్రం బాధితుల ముఖాలు కనబడకుండా చేసి, నేరస్థుల ముఖాలు లోకానికి చూపించారు. ఆమె కారు మీద రాళ్లు పడ్డాయి. అయినా ఫిబ్రవరి 18న సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాసి, వీడియోలున్న పెన్‌డ్రైవ్ జతచేశారు. కోర్టు ఆ ఉత్తరాన్నే కేసుగా తీసుకుంది. సీబీఐ దిగింది. గూగుల్, ఫేస్‌బుక్, వాట్సాప్‌ల వాళ్లు కమిటీ ముందు కూర్చోవాల్సి వచ్చింది.

2018 సెప్టెంబరులో కేంద్రం సైబర్‌క్రైమ్ పోర్టల్ తెరిచింది. డబ్బు పోతే 1930కి కొట్టాలని ఇప్పుడు అందరికీ తెలుసు. కానీ ఆ పోర్టల్ మొదట పుట్టింది పిల్లల మీద, ఆడవాళ్ల మీద ఇలాంటి దౌర్జన్యాల ఫిర్యాదుల కోసమే. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయొచ్చు. కాకపోతే అది ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కోవాలంటే ఫోన్ నంబరు ఇవ్వాలి.

ఇదంతా చెల్లెలికి చెప్పాను. "చూడండి, ఎంత ఘోరమో" అంటూ ఆ ఫొటోను చుట్టాలకు కూడా పంపొద్దన్నాను. పిల్లల అలాంటి చిత్రాన్ని పంపడం ఐటీ చట్టం 67బి కింద నేరం, మొదటిసారికే ఐదేళ్ల దాకా జైలు. పంపిన నంబరు, తేదీ, టైము రాసి పెట్టుకో అన్నాను.

"నంబరు ఆ పగిలిన ఫోన్లోనే ఉండాది గదక్కా!"

ఇదీ మా ఇళ్ల సంగతి. పరువు కోసం ముందు పగలగొట్టేది సాక్ష్యాన్నే. నాయన కోపం నిజమే, కాదనను. కానీ ఆ దెబ్బ చూసిన పిల్ల, రేపు ఇంకోటి జరిగితే ఇంట్లో నోరు తెరుస్తుందా?

అదృష్టం, పాప స్నేహితురాలి ఫోన్లో ఆ మెసేజ్ ఇంకా ఉంది. ఆ పిల్ల తల్లి మొదట జంకింది, తర్వాత తానే తోడొచ్చింది. మర్నాడు పొద్దున ముగ్గురు ఆడవాళ్లు ఫిర్యాదు పెట్టారు. సాయంత్రానికి నాయన కూడా స్టేషన్‌కి వెళ్లాడు, పగిలిన ఫోన్ జేబులో వేసుకుని.